బరంపురం వకీలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లు: ఏ.పి. పాత్రో గారి గురించి కొన్ని సందేహాలు

ప్రశ్న: బరంపురం చదువరి

అందరికీ నమస్కారం. మాది నాలుగు తరాలుగా బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. నేను బడిలో చదివింది ఒడియా, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అక్షరాలు మాత్రం మా నాయనమ్మ వేసవి సెలవుల్లో పలక మీద దిద్దించడం వల్ల అబ్బాయి. అందుచేత నా రాతలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా వీధి పెద్దలు కొందరు, ఈ ఊళ్లో పుట్టి పెరిగి పై స్థాయికి వెళ్లిన పాతతరం వారిమీద నాలుగు పేజీల చిన్న పుస్తకం వేయిద్దామని తలపెట్టి, తలా ఒకరిని పంచుకున్నారు. వి.వి. గిరి గారి కోసం ముగ్గురు పోటీ పడ్డారు. ఎవరూ అడగని పేరు నా వంతుకు వచ్చింది. అది సర్ అన్నెపు పరశురామదాసు పాత్రో. ఆయన ఇక్కడ వకీలుగా పనిచేశారనీ, మద్రాసు ప్రభుత్వంలో విద్యామంత్రి అయ్యారనీ, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చట్టం తెచ్చారనీ మాత్రమే నాకు తెలిసింది.

మా ఇంట్లో అడిగితే ఆయన తెలుగువారే అన్నారు. పక్కింటి ఒడియా ఉపాధ్యాయుణ్ణి అడిగితే, 'పాత్రో' అని ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇంకా అనుమానమెందుకని నవ్వారు. ఆ సంగతి ఎలా ఉన్నా, ఒక విశ్వవిద్యాలయానికి ప్రాణం పోసిన మనిషిని ఆ విశ్వవిద్యాలయం ఉన్న రాష్ట్రంలోగాని, పుట్టిన ఊరు ఉన్న రాష్ట్రంలోగాని పదిమంది తలచుకోకపోవడం నాకు వింతగా ఉంది. ఆయన అసలు చేసిన పని ఏమిటో, ఎలా చేశారో తెలిసినవారు కొంచెం విడమరచి చెప్పగలరా?

జవాబు: ఇచ్ఛాపురం మాస్టారు

చదువరి గారూ, మీ వంతుకు వచ్చినదే మంచి పేరని నా అభిప్రాయం. గిరి గారి గురించి రాయడానికి ఎవరైనా ఉంటారు.

ముందుగా పేరు సంగతి చూద్దాం. 'అన్నెపు' తెలుగు ఇంటిపేరు. 'పాత్రో' ఇంటిపేరు కాదు, బిరుదు. పాత్రుడు, పాత్ర, పాత్రో అనే మాటలు దివాణాల్లో పదవినో గౌరవాన్నో సూచిస్తూ కళింగ ప్రాంతమంతటా రెండు భాషల వారిలోనూ పేరు చివర వాడుకలో ఉన్నాయి. ఇచ్ఛాపురంలో అది 'పాత్రుడు' అవుతుంది, రైలెక్కి బరంపురంలో దిగేసరికి 'పాత్రో' అవుతుంది. ఒక్క బిరుదును పట్టుకుని మనిషి ఏ భాషవాడో తేల్చడం ఈ నేలమీద సాధ్యమయ్యే పని కాదు. ఆయన 1875 ప్రాంతంలో పుట్టేనాటికి ఒడిశా అనే రాష్ట్రమూ లేదు, ఆంధ్ర అనే రాష్ట్రమూ లేదు. శ్రీకాకుళం నుంచి చిలికా దాకా అంతా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాయే.

ఇక పని విషయం. 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. పోలీసు, భూమిశిస్తు, ఖజానా వంటి బరువైన శాఖలు గవర్నరు చేతిలోనే ఉండిపోయాయి. విద్య, ఆబ్కారీ, స్థానిక పాలన వంటివి మాత్రం ఎన్నికైన మంత్రులకు అప్పగించారు. 1920 చివరలో జరిగిన ఎన్నికల్లో మద్రాసు శాసన మండలిలోని 98 ఎన్నిక స్థానాలకు 63 పాత్రో గారు ఉన్న, బ్రాహ్మణేతరుల పక్షమైన జస్టిస్ పార్టీకి దక్కాయి. 1921 జూలైలో పానగల్లు రాజా ముఖ్యమంత్రి అయినప్పుడు విద్యాశాఖ పాత్రో గారికి వచ్చింది, 1926 చివరి దాకా ఆయన దగ్గరే ఉంది. అయిదేళ్లకు పైగా ఒకే శాఖను ఒకే మనిషి చూడడం ఆ రోజుల్లోనే కాదు, ఈ రోజుల్లోనూ అరుదే.

మంత్రి అయ్యాక ఆయన మొదట చేపట్టిన పెద్ద పని మద్రాసు విశ్వవిద్యాలయం. 1857లో పుట్టిన ఆ సంస్థ చాలాకాలం పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే కచేరీగానే నడిచింది. 1923లో పాత్రో గారు తెచ్చిన చట్టం దాని పాలక మండళ్ల కూర్పును మార్చి, ఎన్నికైన సభ్యులకు చోటు పెంచి, విద్యామంత్రిని ప్రో-చాన్సలరుగా, అంటే కులపతి తరవాతి స్థానంలో నిలబెట్టింది. చదవడానికి పొడిపొడిగా ఉంటుంది గాని, అప్పటిదాకా కొద్దిమంది ఉన్నతాధికారులూ ఆచార్యులూ తమలో తాము నడుపుకునే వ్యవహారంలోకి శాసన మండలికి జవాబు చెప్పవలసిన ఒక మంత్రి అడుగుపెట్టాడన్నది అందులోని అసలు సంగతి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లు ఆ తరవాతిది. తెలుగు జిల్లాలకు వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ మొదలైన నాటి నుంచీ పెరుగుతూ వచ్చింది. 1925లో పాత్రో గారు బిల్లు ప్రవేశపెట్టారు, 1926లో అది చట్టమయింది, ఆ ఏడే విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలయింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులు (వైస్ చాన్సలరు). కేంద్రం ఎక్కడ ఉండాలన్న దగ్గర మాత్రం మనవాళ్లు ఒకరితో ఒకరు ఎంత కొట్లాడుకోవాలో అంతా కొట్లాడుకున్నారు. బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం అంటూ ఎవరి ఊరు వారిది. చివరికి 1930లో విశాఖపట్నానికి తరలింది. ఆ తగాదా పుణ్యమా అని రాయలసీమ జిల్లాలు మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికే వెళ్లిపోయాయి, ఆ మనస్పర్థ 1937 శ్రీబాగ్ ఒడంబడిక దాకా సాగింది.

మీ ఊరికి సంబంధించిన ముక్క ఇక్కడ ఉంది. ఆ చట్టం పరిధిలోకి వచ్చిన జిల్లాల్లో గంజాం ఒకటి. దానితో బరంపురం ఖల్లికోట కళాశాల, పర్లాకిమిడి రాజా వారి కళాశాల ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనుబంధం అయ్యాయి. బరంపురం నుంచి మద్రాసు వెయ్యి కిలోమీటర్ల పైమాట. విశాఖ మూడు వందల లోపు. పరీక్ష ఫలితమో, పట్టాలో అక్షరదోషమో, సెనేటులో చెప్పుకోవలసిన మొరో ఉన్నవాడికి ఈ తేడా ఏపాటిదో వేరే చెప్పనవసరం లేదు.

జవాబు: పాత కోర్టు వీధి

మాస్టారు రాసినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఒక పక్కనే చూపించారు. చదువరి గారు పుస్తకం వేస్తున్నారు కాబట్టి రెండో పక్క కూడా ఉండాలి.

జస్టిస్ పార్టీకి 1920లో అన్ని స్థానాలు రావడానికి ఒక కారణం, సహాయ నిరాకరణలో భాగంగా కాంగ్రెసు ఆ ఎన్నికలను బహిష్కరించడం. ఓటు కూడా ఆస్తి ఉన్న కొద్దిమందికే ఉండేది. పిల్లలు సర్కారు కళాశాలలు వదిలి వీధుల్లోకి వస్తున్న రోజుల్లో, వకీళ్లు కోర్టులు మానేస్తున్న రోజుల్లో, పాత్రో గారు మంత్రిగా ప్రమాణం చేశారు, తరవాత 'సర్' బిరుదూ పుచ్చుకున్నారు. ఇది నింద కాదు, జరిగిన సంగతి.

అదే ఊరు, అదే వృత్తి, ఇంకొక దారి ఎలా ఉండేదో చూడాలంటే వరాహగిరి వేంకట జోగయ్య పంతులు గారున్నారు. బరంపురంలో పేరున్న వకీలు, కాంగ్రెసు మనిషి, 1927 నుంచి కేంద్ర శాసనసభలో సభ్యులు. ఆయన కుమారుడు గిరి గారు 1894లో ఇక్కడే పుట్టి, ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చి, ఆ వకాల్తా పక్కన పెట్టి రైల్వే కార్మికుల మధ్యకు వెళ్లారు. జోగయ్య పంతులు గారి భార్య సుభద్రమ్మ గారు మద్యనిషేధం కోసం జరిగిన ఆందోళనకు ముందు నిలబడి అరెస్టయ్యారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పాత్రో గారి చేతిలో విద్యతో పాటు ఆబ్కారీ శాఖ కూడా ఉండేది. సారా మీద వచ్చే రాబడితోనే బడులు నడవాలన్న ఏర్పాటును తెల్లదొరలు ఎంత తెలివిగా అమర్చారో చూడండి. తాగుడు మాన్పిస్తే బడి మూతపడుతుంది, బడి నడవాలంటే సారా దుకాణం నడవాలి. ఆయన ఆ కుర్చీ వద్దనుకుంటే వద్దనుకోవచ్చు, అనుకోలేదు. ఒకే ఊరి రెండు ఇళ్లలో ఒకరు ఆ దుకాణాల లెక్కలు చూసిన శాఖకు మంత్రి, ఇంకొకరు కొన్నేళ్లకు మద్యానికి ఎదురు నిలిచి జైలుకు వెళ్లిన ఇల్లాలు. మీ పుస్తకంలో ఈ రెండూ ఎదురెదురు పేజీల్లో ఉంటే నేను సంతోషిస్తాను.

జవాబు: ఇచ్ఛాపురం మాస్టారు

పాత కోర్టు వీధి వారి మాట ఒప్పుకుంటున్నాను, ఆబ్కారీ సంగతి నేను దాటవేసి ఉండకూడదు. ఒక్క సవరణ మాత్రం చేస్తాను. ఖజానా తాళం గవర్నరు మండలి దగ్గర, ఖర్చు చేయవలసిన బాధ్యత మంత్రి దగ్గర ఉన్నప్పుడు, ఎవరు ఆ కుర్చీలో కూర్చున్నా ఆ ముడి విప్పగలిగేవారు కాదు. దాన్ని ఆయన విప్పలేదన్నది నిజం; ఆ ముడితోనే రెండు విశ్వవిద్యాలయ చట్టాలు బయటికి లాగారన్నదీ నిజం. తరవాత వచ్చిన కాంగ్రెసు తరం పట్టభద్రుల్లో సగం మంది ఆ చట్టాల కింద పరీక్షలు రాసినవారే అని నేను పందెం కాయను గాని, ఊహించడానికి అభ్యంతరం లేదనుకుంటాను.

జవాబు: జయపురం నుంచి

కొరాపుట్ జిల్లా జయపురం నుంచి రాస్తున్నాను. బిల్లు మాట బరంపురం వారు చెప్పారు. డబ్బు మాట మేము చెప్పకపోతే మా ఊరి పెద్దలు ఊరుకోరు.

చట్టం కాగితం మీద విశ్వవిద్యాలయాన్ని నిలబెడుతుంది. ప్రయోగశాలకు గాజు గొట్టం కొనాలంటే రూకలు కావాలి. ఆ రూకలు చాలా మేరకు మా జయపురం సంస్థానం నుంచి వెళ్లాయి. మహారాజా విక్రమదేవ వర్మ గారు 1869లో పుట్టి, అరవయ్యో పడి దాటాక 1931లో గద్దె ఎక్కి, 1951లో కాలం చేశారు. ఒడియా, తెలుగు, సంస్కృతం మూడింటా రచనలు చేసిన మనిషి. 'సాహిత్య సమ్రాట్' అని బిరుదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాలకు జయపురం విక్రమదేవ పేరు ఉన్నది అందుకే. బంగారం తులం ముప్పై నలభై రూపాయల్లో దొరికిన కాలంలో ఏడాదికి లక్ష అంటే ఎంతో లెక్క వేసుకోండి.

చదువరి గారు అడిగిన మరపు సంగతికి ఇక్కడే ఒక జవాబు కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు జయపురం సంస్థానమంతా విశాఖ జిల్లా నుంచి విడిపోయి ఇటు వచ్చింది. బరంపురం ఇటు వచ్చింది. పర్లాకిమిడి జమీ రెండు ముక్కలై, పట్నం ఇటూ కొన్ని పల్లెలు అటూ పోయాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి అటే ఉండిపోయి విశాఖ జిల్లాలో కలిశాయి. అంటే బిల్లు తెచ్చినవారి ఊరూ, డబ్బు ఇచ్చినవారి ఊరూ రెండూ పదేళ్లు తిరక్కముందే ఆంధ్ర జిల్లాల జాబితా నుంచి జారిపోయాయి. మహారాజా వారి పేరు కళాశాల గోడ మీద ఉంది కాబట్టి నిలిచింది. మంత్రి గారి పేరు చట్టం కాగితాల్లో ఉంది. చట్టాన్ని ఎవరు తెరిచి చూస్తారు?

ఇంకొక చిన్న సంగతి. 1930 నవంబరులో లండనులో మొదటి రౌండు టేబులు సమావేశం జరిగినప్పుడు జస్టిస్ పార్టీ తరఫున పాత్రో గారు, జమీందారుల తరఫున పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి గారు వెళ్లారు. ఒకే గంజాం జిల్లా నుంచి ఇద్దరు. అక్కడ ప్రత్యేక ఒడిశా కావాలని గట్టిగా అడిగింది పర్లాకిమిడి రాజా వారు. తరవాత సరిహద్దులు చూడడానికి వేసిన ఓడొనెల్ కమిటీకి ఆయన సహసభ్యులు కూడా. 1937 ఏప్రిల్‌లో ఒడిశా మొదటి ప్రధానమంత్రి (రాష్ట్ర ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) ఆయనే అయ్యారు. అందుకని ఒడిశా చరిత్రలో రాజా వారికి పెద్ద పీట దొరికింది. పాత్రో గారు చేసిన పెద్ద పనికి పేరే 'ఆంధ్ర' అయినప్పుడు ఇక్కడ పీట ఎవరు వేస్తారు? పోనీ అటువైపు వేస్తారా అంటే, 1936 తరవాత అటువారికి బరంపురం పరాయి ఊరు.

తిరుగు జవాబు: బరంపురం చదువరి

పెద్దలందరికీ కృతజ్ఞతలు. జయపురం వారు రాసినది చదివాక నాకు ఒక వస్తువు గుర్తుకు వచ్చి నిన్న అటక మీద నుంచి దింపించాను.

మా తాతగారు ఖల్లికోట కళాశాలలో చదివారు. ఆయన పట్టా ఒక రేకు గొట్టంలో చుట్ట చుట్టి ఉంది. మూత తుప్పు పట్టి రాకపోతే కొబ్బరి నూనె రాసి తిప్పవలసి వచ్చింది. విప్పగానే కాగితం మళ్లీ చుట్టుకుపోతుంటే నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టి చదివాను. పైన ముద్ర, కింద నాగరి లిపిలో 'తేజస్వి నావధీతమస్తు' అని ఉంది. ఇచ్చినది ఆంధ్ర విశ్వవిద్యాలయం, చోటు వాల్తేరు, సంవత్సరం 1939. చదివిన కళాశాల బరంపురం. అంటే అప్పటికి మూడేళ్లుగా మా తాతగారు ఒడిశా రాష్ట్రంలో ఉన్నారు, ఆయన పరీక్ష మాత్రం వాల్తేరులో ఉంది. ఇన్నాళ్లూ మా ఇంట్లో అందరూ ఆయన విశాఖ వెళ్లి చదువుకున్నారనే అనుకుంటూ వచ్చారు. పట్టా మీద వాల్తేరు చూసి నాన్నగారు కూడా అలాగే చెప్పేవారు. తాతగారు ఊరు దాటలేదని ఇప్పుడు అర్థమయింది.

మాస్టారూ, ఇది ఒక్క మా ఇంటి సంగతేనా, ఊరంతా అంతేనా?

జవాబు: ఇచ్ఛాపురం మాస్టారు

ఊరంతా అంతే. కొత్త రాష్ట్రం 1936లో వచ్చినా దానికి సొంత విశ్వవిద్యాలయం లేదు. కటకంలోని రావెన్‌షా కళాశాల పాట్నా విశ్వవిద్యాలయం కింద ఉండేది, బరంపురం, పర్లాకిమిడి కళాశాలలు ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. ఒకే రాష్ట్రంలోని పిల్లలు ఉత్తరాన ఒక ప్రశ్నపత్రం, దక్షిణాన ఇంకొక ప్రశ్నపత్రం రాసేవారు. 1943 నవంబరులో ఉత్కళ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాకే ఇది మారింది. అప్పుడు ఒడిశా ప్రధానిగా మళ్లీ ఉన్నది ఆ పర్లాకిమిడి రాజా వారే. పాత్రో గారు 1946లో పోయారు కాబట్టి, తాను తెచ్చిన చట్టం పరిధిలో నుంచి తన ఊరి కళాశాల తొలగిపోవడం ఆయన బతికుండగానే చూశారు. 

తెలుగువాడా, ఒడియావాడా అన్న మీ ఇంటి తగాదాకు నేను తీర్పు చెప్పను. ఒక సంగతి మాత్రం పుస్తకంలో రాయండి: 1924లోనే ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు గంజాంలో తిరిగి, ఒడియావారు విడిపోవాలని నిజంగానే కోరుకుంటున్నారని ప్రభుత్వానికి నివేదించారు. ఆ మరుసటి ఏడే గంజాం మంత్రి ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లు పెట్టారు. సరిహద్దు కదలబోతున్నదన్న సూచన అందరికంటె ముందు తెలిసే చోట ఉన్న మనిషి, తన జిల్లాను ఆ చట్టంలో ఉంచారు. అప్పటికి పిల్లలకు దగ్గరలో ఉన్న చదువు అదే అని ఆయన చూశారనే నేను అనుకుంటాను.

మీ తాతగారి పట్టాను మళ్లీ చుట్ట చుట్టకండి. రెండు మందపాటి అట్టల మధ్య పరచి ఉంచండి. నూనె చెయ్యి తగలనివ్వకండి.

తిరుగు జవాబు: బరంపురం చదువరి

అలాగే చేశాను మాస్టారూ. మా పెద్దలతో మాట్లాడితే, పాత్రో గారికి ఒక పేజీ కాదు, రెండు ఇస్తామన్నారు. ఆబ్కారీ సంగతి ఉంచాలా వద్దా అని గంటసేపు వాదన జరిగి, ఉంచాలనే తేలింది. పాత కోర్టు వీధి వారు కోరినట్టు ఎదుటి పేజీలో జోగయ్య పంతులు గారు, సుభద్రమ్మ గారు ఉంటారు. జయపురం వారి లక్ష రూపాయల మాట కూడా అడుగున వేస్తున్నాము. పుస్తకం రెండు భాషల్లోనూ వస్తుంది. ఒడియా ప్రతి రాయడానికి మా పక్కింటి ఉపాధ్యాయుడే ఒప్పుకున్నారు. నిన్న సాయంత్రం కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న, 'అన్నెపు' అన్నదానిలో ఆ వత్తు ఎక్కడ పడుతుందని.